కడుపుతో ఉన్నప్పుడు నడుం నొప్పి: ఏది మామూలు, ఏది కాదు, తగ్గించుకోవడం ఎలా?

ఈరోజు ఎపిసోడ్ ప్రెగ్నెన్సీలో వచ్చే నడుం నొప్పి గురించి. నేను అనకాపల్లిలో ఫిజియోథెరపిస్ట్‌గా పనిచేస్తున్నాను. ఐదో నెలో ఆరో నెలో నడుస్తుండగా నా దగ్గరికి వచ్చే అమ్మాయిలు చెప్పే మొదటి మాట దాదాపు ఒక్కటే. "మేడమ్, ఇంట్లో చెప్తే, కడుపుతో ఉన్నోళ్లకి నడుం నొప్పి రాదేటి అంటన్నారు."

ఆ మాటలో నిజం ఉంది. గర్భిణుల్లో సగం మందికి పైగా ఏదో ఒక నెలలో నడుం నొప్పి వస్తుంది. కానీ ఎక్కువ మందికి వస్తుంది అంటే ఓర్చుకోవడం ఒక్కటే దారి అని కాదు. చాలావరకు తగ్గించుకోవచ్చు. ఇంకో సంగతి, నడుం నొప్పి అని మనం అనుకునేవాటిలో కొన్ని అసలు నడుం నొప్పులే కావు. అవి వేరే జబ్బుకి గుర్తులు. "మామూలేలే" అన్న ఒక్క మాటతో ఈ రెండూ మరుగున పడిపోతాయి.

వీడియో సగంలో ఆపేసేవాళ్లు కూడా ఉంటారు కదా, అందుకే అన్నిటికంటే ముఖ్యమైనది ముందే చెప్పేస్తాను.

వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన నొప్పులు

మొదటిది. పక్కటెముకల కింద, వీపుకి ఒక పక్కన నొప్పి. దాంతోపాటు జ్వరం, చలి, మూత్రానికి వెళ్తే మంట. ఇది కిడ్నీ ఇన్‌ఫెక్షన్ కావచ్చు. గర్భంలో ఇది ఎందుకు ఎక్కువ అంటే, పెరుగుతున్న గర్భసంచి మూత్రనాళాల్ని నొక్కుతుంది. హార్మోన్ల వల్ల ఆ నాళాలు కూడా కాస్త వదులవుతాయి. మూత్రం సాఫీగా దిగక, ఇన్‌ఫెక్షన్ పైకి పాకుతుంది. పట్టించుకోకపోతే నెలలు నిండకుండానే నొప్పులు మొదలయ్యే ప్రమాదం ఉంది. పనిచేసే చోట బాత్రూమ్ సరిగా ఉండదని పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా ఉండే అమ్మాయిలు ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి. మామూలు యూరిన్ టెస్ట్‌తో మొదలుపెడితే చాలు, సంగతి బయటపడుతుంది. మందులు వాడితే తగ్గిపోతుంది.

రెండోది. నొప్పి వచ్చి, తగ్గి, మళ్లీ వస్తోంది. నెలసరి నొప్పిలా కింద లాగుతోంది. వచ్చినప్పుడల్లా పొట్ట గట్టిపడుతోంది. 37 వారాలు నిండకముందు ఇలా ఉంటే అది నడుం నొప్పి అనుకుని పడుకోకండి. ఫోన్‌లో టైమ్ చూసుకోండి. ఒక వరసలో వస్తుంటే కాన్పు నొప్పులు కావచ్చు.

మూడోది. నొప్పితో పాటు రక్తం కనిపించడం, ఉమ్మనీరు కారడం, బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపించడం, లేదా కింద పడిన తర్వాత మొదలైన నొప్పి.

నాలుగోది. కాలు బలం తగ్గి జారిపోతున్నట్టు ఉండటం, మర్మాంగాల చుట్టూ మొద్దుబారడం, మూత్రం ఆపుకోలేకపోవడం లేదా అసలు రాకపోవడం. ఇది వెన్నులో నరాలు బాగా నొక్కుకుపోయినప్పుడు వస్తుంది. అరుదు. కానీ వస్తే గంటలు లెక్కపెట్టుకోవాల్సిన పరిస్థితి.

ఐదోది. ఒక కాలి పిక్క మాత్రమే వాచి, ఎర్రబడి, పట్టుకుంటే నొప్పి. ఇది రక్తం గడ్డకట్టడం కావచ్చు. అలాగే పొట్ట పైభాగంలో కుడిపక్క నొప్పి, విపరీతమైన తలనొప్పి, కళ్లు మసకబారడం ఉంటే బీపీ చూపించుకోవాలి.

వీటిలో ఏది ఉన్నా పక్కింటి వాళ్లని అడగొద్దు, యూట్యూబ్ చూడొద్దు, నా వీడియో కూడా చూడొద్దు. డాక్టర్ దగ్గరికి వెళ్లండి. బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి.

ఇవేవీ లేవా? అయితే మిగతా వీడియో మీకోసమే.

అసలు ఎందుకు వస్తుంది?

సాధారణంగా గర్భంలో 10 నుంచి 12 కిలోల బరువు పెరుగుతారు. అంటే దాదాపు ఒక చిన్న బియ్యం బస్తా. అదీ వీపు మీద కాదు, ముందువైపు కట్టుకున్నట్టు. మామూలుగా బిందెని చంకలో పెట్టుకుంటే మనకి తెలియకుండానే ఒళ్లు రెండోవైపుకి వంచుతాం కదా, పడిపోకుండా. అలాగే పొట్ట ముందుకి పెరిగేకొద్దీ భుజాలు వెనక్కి వెళ్తాయి, నడుం దగ్గర వంపు పెరుగుతుంది. వెనక కండరాలు రోజంతా బిగుసుకుని పనిచేస్తాయి. ముందున్న పొట్ట కండరాలేమో సాగిపోయి సాయం చేయలేవు. దీనికి తోడు రిలాక్సిన్ లాంటి హార్మోన్లు కాన్పుకి దారి ఇవ్వడానికి కటి ఎముకల మధ్య ఉండే లిగమెంట్లని కాస్త వదులు చేస్తాయి. మేకులు కొంచెం వదులైన కుర్చీ మీద బరువు పెరిగితే ఎలా ఉంటుందో అలా అనుకోండి.

ఇక్కడ ఒక ఆసక్తికరమైన విషయం. 2007లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. నడుం వంపు దగ్గర వెనక్కి సన్నగా, చీలిక ఆకారంలో ఉండే వెన్నుపూసలు మగవాళ్లలో రెండు ఉంటే, ఆడవాళ్లలో మూడు ఉన్నాయట. అంటే ఆ వంపుని ఆడవాళ్లలో ఎక్కువ పూసలు పంచుకుంటున్నాయి. లక్షల ఏళ్ల కిందటి మన పూర్వీకుల శిలాజాల్లో కూడా ఈ తేడా కనిపించింది. రెండు కాళ్ల మీద నడుస్తూ బిడ్డని మోయడానికి ఆడవాళ్ల వెన్ను తనని తాను దిద్దుకుంటూ వచ్చిందన్నమాట. కాబట్టి మీ నడుం బలహీనమైనది కాదు. అలసిపోతోంది, అంతే.

"కాల్షియం తక్కువైందేమో, అందుకే నొప్పి" అని చాలామంది అంటారు. కాల్షియం మాత్రలు గర్భిణులకి అవసరమే, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగానే ఇస్తారు, మానకండి. ఐరన్ మాత్రతో కలిపి ఒకేసారి మాత్రం వేసుకోవద్దు. కానీ కాల్షియం మాత్ర నడుం నొప్పి మాత్ర కాదు. అది వేసుకుంటున్నా నొప్పి పోవట్లేదంటే ఆశ్చర్యపడక్కర్లేదు.

నొప్పి ఎక్కడో వేలు పెట్టి చూపించండి

నా దగ్గరికి వచ్చినవాళ్లని నేను మొదట అడిగేది ఇదే. "నడుం అంతా" అంటారు. కాదమ్మా, ఒక్క వేలితో చూపించు అంటాను. ఎందుకంటే చోటుని బట్టి చేయాల్సింది మారుతుంది.

వేలు నడుం మధ్యలో, చీర కుచ్చిళ్ల బొందు కట్టే లైనులో వెనక్కి వెళ్తే, అది అసలైన నడుం నొప్పి. ఎక్కువసేపు నిలబడినా, వంగినా పెరుగుతుంది. పడుకుంటే తగ్గుతుంది.

వేలు ఇంకా కిందికి వెళ్లి, పిరుదుల పైన రెండు చిన్న గుంటలు ఉంటాయి చూడండి, అక్కడ ఆగితే, లేదా ముందువైపు పొత్తికడుపు కింద ఎముక మీద ఆగితే, అది కటి కీళ్ల నొప్పి. మంచం మీద పక్కకి తిరిగినప్పుడు, మెట్లు ఎక్కినప్పుడు, ఒంటికాలి మీద నిలబడి లంగా తొడుక్కునేటప్పుడు, ఆటో ఎక్కి దిగేటప్పుడు కలుక్కుమంటుంది. దీన్ని నడుం నొప్పి అనుకుని "బాగా నడువు, తగ్గుతుంది" అంటే ఒక్కోసారి పెరుగుతుంది.

మూడోది, పిరుదు నుంచి తొడ వెనకగా మోకాలు దాటి పిక్క దాకా కరెంట్ కొట్టినట్టు లాగితే అది నరం నొప్పి. సయాటికా అనే మాట అందరూ వాడేస్తారు గానీ, గర్భంలో నిజమైన సయాటికా చాలా తక్కువ మందికే ఉంటుంది. అలా అనిపిస్తే సొంతంగా ఏమీ చేయకుండా డాక్టర్‌కి చూపించుకోండి.

లేవడం, వంగడం, పడుకోవడం

వ్యాయామాల కంటే ముందు రోజువారీ పనులు మార్చుకోవాలి. పది నిమిషాల వ్యాయామం చేసి మిగతా రోజంతా నడుం మీద భారం వేస్తే లాభం లేదు.

పడుకోవడం. పక్కకి తిరిగి, మోకాళ్లు కొంచెం ముడిచి, రెండు మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోండి. దిండు లేకపోతే పాత చీర మడతపెట్టినా సరిపోతుంది. పొట్ట కిందికి ఇంకో చిన్న మడత. 28 వారాలు దాటాక వెల్లకిలా పడుకుని నిద్రపోవద్దు. ఎడమపక్క మంచిదంటారు, కుడిపక్క కూడా ఫర్వాలేదు. నిద్రలో వెల్లకిలా తిరిగిపోతే భయపడొద్దు, మెలకువ వచ్చినప్పుడు పక్కకి తిరగండి. లోపలికి కుంగిపోయే నులకమంచం కంటే కాస్త గట్టి పరుపు మేలు.

లేవడం. వెల్లకిలా నుంచి ఒక్కసారి పైకి లేవొద్దు. మోకాళ్లు రెండూ దగ్గరపెట్టి, ఒళ్లంతా ఒక దుంగలా పక్కకి దొర్లండి. కాళ్లు మంచం కిందికి దించుతూ, చేత్తో నెట్టుకుని లేవండి. కటి కీళ్ల నొప్పి ఉన్నవాళ్లకి ఈ ఒక్క మార్పే చాలా తేడా తెస్తుంది.

వంగడం. మన పొట్టి చీపురు నడుంకి శత్రువు. చీపురుకి కర్ర కట్టండి, లేదా పొడుగు కర్ర ఉన్నది కొనండి. కత్తిపీట ముందు కూర్చుని కూరలు తరిగే బదులు టేబుల్ మీద చాకుతో తరగండి. వాకిట్లో ముగ్గు ఈ నాలుగు నెలలు ఇంకొకరు వేస్తారు, కొంప మునిగిపోదు. నిండు బిందె ఎత్తొద్దు. తప్పనిసరైతే సగం నింపి, మోకాళ్లు వంచి, వస్తువుని ఒంటికి దగ్గరగా పట్టుకుని లేవండి. మార్కెట్ నుంచి సంచి తెస్తే ఒకే చేత్తో కాకుండా రెండు చేతులకీ సమానంగా పంచండి.

నిలబడటం. వంటగట్టు దగ్గర ఒక చిన్న పీట పెట్టుకోండి. ఒక కాలు దాని మీద, కాసేపటికి రెండో కాలు. హీల్స్ వద్దు, అలాగని పూర్తిగా పలచటి హవాయి చెప్పులు కూడా వద్దు. మడమకి కాస్త ఆధారం ఉన్నవి వేసుకోండి. కటి కీళ్ల నొప్పి ఉంటే కూర్చునే లంగా తొడుక్కోండి, మెట్లు ఒక్కొక్కటిగా ఎక్కండి.

ప్రయాణం. ఇక్కడి నుంచి రోజూ విశాఖ వెళ్లి వచ్చేవాళ్లు, అచ్యుతాపురం సెజ్‌కి బస్సులో వెళ్లేవాళ్లు చాలామంది ఉన్నారు. బస్సులో వెనక చక్రాల మీద సీటు వద్దు, కుదుపు ఎక్కువ. నడుం వెనక చున్నీ చుట్టి పెట్టుకోండి. షేర్ ఆటోలో అంచున కూర్చోవద్దు. ఎక్కేటప్పుడు ముందు కూర్చుని, తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పండి.

ఇంట్లో చేసుకునే వ్యాయామాలు

పూర్తి బెడ్ రెస్ట్ వల్ల నడుం నొప్పి తగ్గుతుందనేది అపోహ. కండరాలు ఇంకా బలహీనపడతాయి. 2015లో కోక్రేన్ సంస్థ 34 అధ్యయనాలు, 5,121 మంది గర్భిణుల వివరాలు కలిపి పరిశీలించింది. వ్యాయామం చేస్తే నడుం నొప్పి కొంత తగ్గవచ్చని తేలింది. మాయలా పోతుందని ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పను. రోజు గడవడం మాత్రం తేలికవుతుంది.

ఒక హెచ్చరిక. రక్తస్రావం అయినవాళ్లు, మాయ కిందికి ఉందని చెప్పినవాళ్లు, గర్భసంచి ముఖద్వారానికి కుట్టు వేయించుకున్నవాళ్లు, బీపీ ఎక్కువ ఉన్నవాళ్లు డాక్టర్ సరే అన్నాకే చేయాలి.

ఒకటి, పిల్లి వ్యాయామం. చేతులు, మోకాళ్ల మీద ఉండండి. ఊపిరి వదులుతూ వీపుని పిల్లిలా పైకి గుండ్రంగా వంచండి. ఊపిరి తీసుకుంటూ మళ్లీ సమంగా తీసుకురండి. నడుం కిందికి కుంగనివ్వొద్దు. పదిసార్లు.

రెండు, గోడ వ్యాయామం. గోడకి వీపు ఆనించి, పాదాలు అడుగు దూరం ముందుకి పెట్టి నిలబడండి. నడుం వెనక ఖాళీ ఉంటుంది కదా, పొట్ట మెల్లగా లోపలికి లాగి ఆ ఖాళీని గోడకి నొక్కండి. ఐదు అంకెలు లెక్కపెట్టి వదలండి. పదిసార్లు. ఇది ఆఫీసులో కూడా చేసుకోవచ్చు.

మూడు, పక్కకి పడుకుని మోకాళ్లు ముడిచి, మడమలు కలిపి ఉంచి, పై మోకాలుని మాత్రం ఆల్చిప్ప తెరుచుకున్నట్టు పైకి ఎత్తండి. రెండు వైపులా పదేసి. పిరుదు పక్క కండరాలు గట్టిపడతాయి. ముందువైపు ఎముక దగ్గర నొప్పి పెరిగితే ఇది ఆపేయండి.

నాలుగు, కటి కింది కండరాలు. మూత్రం ఆపుకునేటప్పుడు బిగించే కండరాలే. ఐదు అంకెలు బిగించి వదలండి, పదిసార్లు. మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపి మాత్రం చేయొద్దు.

వీటితో పాటు నడక. వారానికి 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒకేసారి అరగంట నడవలేకపోతే పది నిమిషాల చొప్పున మూడుసార్లు నడవండి. నడుస్తూ మాట్లాడగలగాలి, ఆయాసంతో మాట ఆగకూడదు. ఎండలో వద్దు.

కాపడం, నూనె, మాత్రలు

వేడి నీళ్ల బ్యాగ్‌ని తువ్వాలులో చుట్టి నడుంకి పది, పదిహేను నిమిషాలు పెట్టుకోవచ్చు. గోరువెచ్చగా ఉండాలి. పొట్ట మీద పెట్టొద్దు. నూనె రాసి మెల్లగా రుద్దించుకుంటే హాయిగా ఉంటుంది, తప్పులేదు. కానీ వీపు తొక్కించుకోవడం, నడుం విరిపించుకోవడం వద్దు. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తన్నితే నడుం పట్టు పోతుందని మన ఊళ్లలో అంటారు. గర్భిణి విషయంలో అది సరదాకి కూడా చేయకూడదు. ఆముదం తాగించడం, తెలియని పసరు మందులు కూడా వద్దు.

మెడికల్ షాపులో అడిగి మాత్ర తెచ్చుకోవడం అస్సలు వద్దు. నడుం నొప్పికి మామూలుగా ఇచ్చే డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ రకం మాత్రలు 20 వారాల తర్వాత బిడ్డ కిడ్నీల మీద ప్రభావం చూపి ఉమ్మనీరు తగ్గించవచ్చు. చివరి నెలల్లో బిడ్డ గుండె దగ్గరి రక్తనాళం ముందుగానే మూసుకునే ప్రమాదమూ ఉంది. పూసే జెల్‌లో కూడా డైక్లోఫెనాక్ ఉంటుంది, పేరు చదవండి. అవసరమైతే పారాసిటమాల్ ఎంత, ఎన్ని రోజులు వేసుకోవాలో డాక్టర్ చెబుతారు.

బెల్ట్ గురించి అడుగుతుంటారు. కొందరికి పనిచేస్తుంది. నిలబడేటప్పుడు, నడిచేటప్పుడు కాసేపు పెట్టుకోండి. పొట్ట మీద బిగించకూడదు, కింది నుంచి ఎత్తిపట్టేలా ఉండాలి. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టే ముందు ఒకసారి కొలత చూపించుకోండి.

ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద గర్భిణులకి ఉచిత పరీక్షలు ఉంటాయి. 2016 నుంచి జరుగుతున్నాయి. నాలుగో నెల నుంచి ఎవరైనా వెళ్లొచ్చు. ఆ రోజు బీపీ, రక్తం చూపించుకుని వచ్చేయకుండా, నొప్పి సంగతి కూడా నోరు తెరిచి చెప్పండి. అడగనిదే ఎవరికీ తెలియదు.

ఉద్యోగం చేసే అమ్మాయిలకి

బట్టల ఫ్యాక్టరీలో మిషన్ ముందు కూర్చునేవాళ్లు, ప్యాకింగ్‌లో నిలబడేవాళ్లు, షాపుల్లో పనిచేసేవాళ్లు నాతో అనే మాట ఒకటుంది. "నొప్పి అని చెప్తే మానేయమంటారేమో అని చెప్పలేదు మేడమ్." నొప్పి భరించలేక మంచి ఉద్యోగం మానేసినవాళ్లనీ చూశాను. అందుకే ఇది తెలుసుకోండి.

1961 ప్రసూతి ప్రయోజనాల చట్టంలోనే ఒక నియమం ఉంది. తర్వాత వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ అది కొనసాగింది. డెలివరీ తేదీకి ముందున్న ఆరు వారాల్లో మీరు పనికి వెళ్తున్నా, ఆ ఆరు వారాలకి ముందున్న ఇంకో నెలలో అయినా, మీరు అడిగితే కష్టమైన పని, ఎక్కువ గంటలు నిలబడే పని చేయించకూడదు. అలా పని తేలిక చేసినందుకు జీతం కోయకూడదు. "మీరు అడిగితే" అన్న మాట గమనించండి. అడగాలి. నోటిమాట కంటే కాగితం మీద రాసి ఇవ్వండి, ఫోన్‌లో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. అంతకంటే ముందు నెలల్లో అయితే డాక్టర్ రాసిచ్చిన చీటీ చూపించి, గంటకోసారి లేచి రెండు నిమిషాలు అటూ ఇటూ నడవడానికి, బాత్రూమ్‌కి వెళ్లడానికి, నిలబడే పని అయితే స్టూల్ వేసుకోవడానికి అడగండి.

మొదటి ఇద్దరు పిల్లల వరకు, అంతకుముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసి ఉంటే, 26 వారాల జీతంతో కూడిన సెలవు మీ హక్కు. 2017 సవరణతో వచ్చింది. అందులో ఎనిమిది వారాల దాకా కాన్పుకి ముందే వాడుకోవచ్చు. ఈఎస్ఐ ఉన్నవాళ్లకి దాని నియమాల ప్రకారం ఈఎస్ఐ నుంచి డబ్బు వస్తుంది.

వెన్నులో సూది వల్ల జీవితాంతం నడుం నొప్పా?

ఆపరేషన్ అయిన ప్రతి ఇంట్లో వినే మాట ఇది. సూది గుచ్చిన చోట కొన్ని రోజులు నొప్పిగా ఉండొచ్చు. కానీ ఏళ్ల తరబడి ఉండే నడుం నొప్పికి ఆ సూది కారణమని అధ్యయనాల్లో తేలలేదు. కాన్పు తర్వాత వచ్చే నొప్పికి ఎక్కువగా కారణాలు వేరే. గర్భంలో మొదలైన నొప్పిని అప్పుడు పట్టించుకోకపోవడం, సాగిన పొట్ట కండరాలు మళ్లీ బలపడకపోవడం, వంగి కూర్చుని పాలివ్వడం. పాలిచ్చేటప్పుడు వీపుకి ఆనుడు పెట్టుకుని, ఒళ్లో దిండు వేసి బిడ్డని మీ దగ్గరికి తీసుకోండి. మీరు బిడ్డ మీదికి వంగొద్దు. చాలామందికి కాన్పయ్యాక కొన్ని నెలల్లో నొప్పి తగ్గిపోతుంది. మూడు నెలలు దాటినా ఉంటే చూపించుకోండి. సూదిని తిట్టుకుంటూ కూర్చుంటే ఆ చేయించుకోవాల్సిన వైద్యం ఆగిపోతుంది.

చివరిగా ఒక్క మాట, ఇది వీడియో చూస్తున్న భర్తలకి, అత్తయ్యలకి. పైన చెప్పినవాటిలో సగం గర్భిణి ఒక్కతే చేయగలిగినవి కావు. బిందె ఎవరో ఒకరు ఎత్తాలి, చీపురుకి కర్ర ఎవరో ఒకరు కట్టాలి. "మా రోజుల్లో పొలం పని చేసి కాన్పయ్యాం" అని అత్తయ్యలు అంటారు. నిజమే. మీకూ నొప్పి వచ్చే ఉంటుంది, అప్పుడు అడిగినవాళ్లు లేరు. ఇప్పుడు మీ కోడల్ని మీరు అడగండి: "ఎక్కడమ్మా నొప్పి, వేలు పెట్టి చూపించు" అని.

ఈ వీడియో మీకు తెలిసిన గర్భిణికి పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో కాన్పు తర్వాత పొట్ట కండరాల గురించి మాట్లాడుకుందాం. ఉంటాను, నమస్కారం.